పారాదీప్ నుంచి రెండు ఫోన్లు

పోలరాజు నావ పారాదీప్ రేవు వదిలి పదకొండు రోజులైంది. ఆ నావ ఎందుకు బయల్దేరిందో మొదటినుంచీ చదువుతున్నవారికి తెలుసు. ఈ వారమే మనతో కలిసినవారికి నాలుగు ముక్కలు చెప్పాలి.

జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో రెండు రేకుల గదుల్లో చెవిటి పిల్లల బడి ఒకటి నడుస్తోంది. ఆ గదులు ఖాళీ చెయ్యమని స్థలం యజమాని నోటీసు ఇచ్చాడు. కార్ఖానాలో క్రేన్ నడిపే పోలరాజు కూతురు దేవి చదివేది అక్కడే. భీమిలి దగ్గర జాలరి ఇంట పుట్టిన పోలరాజు, పద్దెనిమిది అడుగుల తెరచాప నావ ఒకటి తన చేతులతో కట్టుకుని, మన సువర్ణరేఖ సముద్రంలో కలిసే తాళసరి నుంచి తను పుట్టిన భీమిలి దాకా తీరం వెంబడి ఒంటరిగా వెళ్తానన్నాడు. ఆగిన ప్రతి ఊళ్ళోనూ బడి గురించి చెబుతాడు, పత్రికలవాళ్లు రాస్తారు, చందాలు వస్తాయి. సోనారిలో ఉండే ఇంజనీరు సోమశేఖర్ తెలుగు సమితి తరఫున ఆ ప్రయాణం బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. గాంధీ జయంతి నాడు నావ కదిలింది. అక్టోబరు ఇరవై తొమ్మిదిన పెనుతుఫాను ఒరిస్సా తీరం మీద పడింది. ఆ తరువాత పోలరాజు గురించి ఒక్క కబురు లేదు.

నవంబరు ఏడు, ఆదివారం, దీపావళి నాటి ఉదయం సోమశేఖర్ స్కూటరు పోలరాజు గుమ్మం ముందు ఆగిన దగ్గర గతవారం కథ ఆగింది.

* * *

గుమ్మం పక్క పంపు దగ్గర కూర్చుని పోలరాజు భార్య సన్యాసమ్మ బట్టలు ఉతుకుతోంది. ఉతుకుతున్నది మొగుడు కార్ఖానాకి వేసుకెళ్లే నీలం డాంగ్రీ. మోకాళ్ల దగ్గర గ్రీజు మరకను బ్రష్షుతో గీకుతోంది. స్కూటరు చప్పుడుకి తలెత్తి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ లేచింది.

"రండి బాబుగారూ. లోపలికొచ్చి కూకోండి."

"ఇక్కడే బాగుందమ్మా," అన్నాడు సోమశేఖర్. ఆమె లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కూర్చోకుండా ఆ డాంగ్రీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పదిహేనో తారీకుకి ఆయన సెలవైపోతాది," అంది సన్యాసమ్మ ఆయన చూపు గమనించి. "డ్యూటీలో జాయినవ్వాల కదేటి. ఈ మరక మూడుతూర్లు ఉతికినా పోవట్నేదు."

సోమశేఖర్ కూర్చున్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి. ఈ పది రోజుల్లో అరవై నాలుగులా కనిపిస్తున్నాడు. వీధి చివర కాళీపూజ పందిరిలో మైకు హిందీ పాట వేస్తోంది. పక్కింటి పిల్లలు పట్టపగలే సీమటపాకాయలు ఒక్కొక్కటే విడదీసి కాలుస్తున్నారు. ఇంటికి ఆ పక్కన దేవి ఒంటరిగా కూర్చుని ఇటుక ముక్కలూ తడి మట్టీ పెట్టి ఘరోందా కడుతోంది. ఇక్కడి ఆడపిల్లలందరూ దీపావళికి కట్టే బొమ్మరిల్లు అది. పదకొండేళ్ల పిల్ల. టపాకాయ పేలినప్పుడల్లా వీధిలో అందరూ ఉలిక్కిపడుతున్నారు గాని, ఆ పిల్ల తల కదలటం లేదు.

"కబురేటైనా వచ్చినాదా?" అంది సన్యాసమ్మ.

"లేదు."

"మరి?"

ఆయన జేబులోంచి ఒక కార్డు తీశాడు. నల్లటి అంచున్న కార్డు. ఆమెకు ఇవ్వలేదు, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఈ సాయంత్రం అయిదింటికి సమితి హాల్లో సభ పెట్టారు. నువ్వూ దేవీ రావాలి. కారు పంపిస్తాం."

"ఏం సభ?"

ఆయన కార్డు నల్ల అంచు మీద అరచెయ్యి కప్పాడు.

"సంతాప సభా?" అంది సన్యాసమ్మ. "సచ్చిపోయినోళ్లకి పెడతారే, అదేనా?"

"సన్యాసమ్మా..."

"ఆయన పోనాడని మీకెవురు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. కానీ పదకొండు రోజులైంది. కోస్టుగార్డు వాళ్లు వెతకడం మానేశారు. ఆ వైపు ఊళ్లకి ఊళ్లే లేవట. మనుషుల్ని గుర్తుపట్టే వీలుకూడా లేకుండా..." ఆయన ఆగిపోయాడు. "కమిటీలో అందరూ అనుకున్నది ఇది. నేనొక్కణ్ణే కాదు."

"అందరూ అనుకుంటే మనిసి సచ్చిపోతాడా బాబుగారూ?"

సోమశేఖర్ అలవాటైన కమిటీ గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు. పోలరాజు కనపడటం లేదని పేపర్లలో వచ్చినప్పటినుంచి ఎక్కడెక్కడినుంచో మనియార్డర్లు వస్తున్నాయట. భిలాయ్ నుంచి, రూర్కెలా నుంచి, విశాఖపట్నం నుంచి, పేరైనా రాయకుండా పంపుతున్నారట. కలకత్తాలో ధర్మనిధి నడిపే ఒక పెద్దాయన సాయంత్రం సభకు వస్తున్నాడు. బడికి స్థలమూ భవనమూ రెండూ ఇస్తున్నట్టు అక్కడే ప్రకటిస్తాడు.

"దేవికీ మిగతా ముప్పై మంది పిల్లలకీ ఇంక ఎవరూ ఖాళీ చెయ్యమనే భయం ఉండదు. భవనానికి పోలరాజు పేరు పెడతారు."

సన్యాసమ్మ మళ్లీ పంపు దగ్గర కూర్చుంది. తడి చేతులు ఒళ్లో పెట్టుకుని, పంపు కింద నిండిపోయి కారుతున్న బకెట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. తరువాత నెమ్మదిగా అడిగింది.

"నాకొకటి సెప్పండి. ఆయన బీమిలి సేరిపోయి, రైలెక్కి ఇంటికొచ్చీసుంటే, ఈ బిల్డింగు వచ్చీదా?"

సోమశేఖర్ అబద్ధం చెప్పవచ్చు. నిజానికి ఇంటినుంచి బయల్దేరేటప్పుడు ఇలాంటి ప్రశ్న వస్తే ఏం చెప్పాలో కూడా అనుకున్నాడు. కానీ ఆ నీలం డాంగ్రీ ఎదురుగా ఉంది.

"ఇంత తొందరగా వచ్చేది కాదు," అన్నాడు. "బహుశా వచ్చేదే కాదు."

"అదీ," అంది సన్యాసమ్మ. "అంటే ఆయన పోతేనే మీ పని అయినాది."

ఆమె గొంతులో కోపం లేదు. బజారులో ధర విని తిరిగివచ్చే మనిషి గొంతులా ఉంది. ఆ మాట సోమశేఖర్‌కి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన కార్డును రెండుగా మడిచాడు, మళ్లీ మడిచాడు. ఇక మడతపడకపోతే జేబులో పెట్టుకున్నాడు.

"నీకొకటి చెప్పాలి," అన్నాడు. "పదిరోజులుగా నా భార్యకి కూడా చెప్పలేదు. ఇవాళ సభలో అందరూ నన్ను పొగుడుతారు. అంతకన్నా ముందే నీకు చెప్పకపోతే నేను మనిషినే కాదు."

సన్యాసమ్మ పంపు కట్టేసింది.

"ఇరవై ఆరో తారీకు, మంగళవారం సాయంత్రం పోలరాజు పారాదీప్ నుంచి నాకు ఫోన్ చేశాడు. ఆరూ ఆరున్నర అయి ఉంటుంది. 'బాబుగారూ, ఇక్కడి జాలరోళ్లు నావలన్నీ పైకి లాగేత్తన్నారు. సంద్రంలోకి ఎవురూ ఎల్లొద్దని రేడియోలో సెప్పినారట. నీళ్ల తీరు నాకూ నచ్చనేదు. నాలుగు రోజులు ఇక్కడే ఆగిపోతాను' అన్నాడు."

"మీరేటన్నారు?"

"ఆ కలకత్తా పెద్దాయన ఇరవై తొమ్మిదిన ఒక్కరోజే పూరీలో ఉంటానన్నాడు. ఒడ్డునే అందరి ముందూ స్థలం కాగితాలు పోలరాజు చేతికిస్తానన్నాడు. నెల మధ్యలో వచ్చిన మొదటి తుఫాను వల్ల దారిలో ధామ్రాలో అప్పటికే వారం పోయింది. ఆ పెద్దాయన తేదీ ఒకసారి మార్చుకున్నాడు. ఇంకోసారి మార్చమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు."

"అది కాదు బాబుగారూ. మీరేటన్నారు? ఏ మాటన్నారో ఆ మాటే సెప్పండి."

సోమశేఖర్ కళ్లు మూసుకున్నాడు.

"'అది ఎక్కడో అండమాన్ దగ్గరుంది పోలరాజూ. రేపు తెల్లారకట్ల బయల్దేరితే అది వచ్చేలోపు నువ్వు పూరీలో ఉంటావు. మొన్ననే ఒకటి గోపాల్‌పూర్ దగ్గర దాటింది, వెంటనే రెండోది రాదు. ఈ ఒక్క అంగ వేస్తే బడి నిలబడుతుంది' అన్నాను. పేపర్లో మ్యాపు చూసి చెప్పాను. కొలిమి లెక్కలు తప్ప నాకేం తెలుసు? సముద్రం మీద ఒక్కరోజు ఉన్నవాణ్ణి కాదు."

"ఆయనేటన్నాడు?"

"కాసేపు ఏమీ అనలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. తరవాత, 'మీరు సదువుకున్నోరు. మీరెల్లమంటే ఎల్తాను' అన్నాడు."

పందిట్లో పాట అయిపోయింది. తరువాతి క్యాసెట్టు పెట్టేవరకూ మైకులో గరగర మాత్రం వినిపించింది.

"ఇంకా ఉంది," అన్నాడు సోమశేఖర్. "పోలీసులకీ కోస్టుగార్డుకీ రిపోర్టు రాసింది నేనే. అందులో, 'హెచ్చరికలు తెలిసినా తన సొంత నిర్ణయంతో బయల్దేరాడు' అని రాశాను. పేపర్లవాళ్లకీ అదే చెప్పాను. ధైర్యవంతుడని రాశారు. మొండివాడని కూడా రాశారు."

సన్యాసమ్మ లేచింది. ఆయన వైపు వస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాడు సోమశేఖర్. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆమె డాంగ్రీ అందుకుని, ఒక కొస కాలికింద తొక్కిపెట్టి, రెండో కొస చేతులతో పట్టి పిండడం మొదలుపెట్టింది. నీళ్లన్నీ పోయినా పిండుతూనే ఉంది. మెడమీద నరాలు తేలాయి. భుజం దగ్గర కుట్టు పటుక్కున తెగింది. అప్పుడు ఆగి, తెగినచోట వేలు పెట్టి చూసి, దండెం మీద ఆరేసింది.

"మొండోడు," అంది. "ఆయన మొండోడు కాదు బాబుగారూ. మొండోడైతే మీ మాట వినీవోడు కాడు."

"నిజమే."

"నన్నిప్పుడు మీరేటి సెయ్యమంటారు? ఏడవమంటారా, మిమ్మల్ని తిట్టమంటారా? తిట్టీసి పంపీసినాననుకోండి, మీ గుండెల మీద బరువు దిగిపోతాది. అందుకే వచ్చినారా?"

"కాదమ్మా."

"అందుకే వచ్చినారు," అంది సన్యాసమ్మ. "నాకు తెలుసు. ఎందుకు తెలుసో సెప్తాను, వినండి. మీకు ఫోను సేసినాక, ఏడింటికి, ఆయన ఇక్కడికి సేసినాడు. బంగారప్ప ఇంటికి."

సన్యాసమ్మ అప్పా అని పిలిచే బంగారమ్మ నాలుగిళ్ల అవతల కిరాణా కొట్టు నడిపే ఆవిడ. వీధిమొత్తానికి అదొక్కటే ఫోను. ఎవరికి ఫోనొచ్చినా ఆవిడే వచ్చి కేకేసి పిలుస్తుంది. సన్యాసమ్మ గుమ్మం మీద కూర్చుంది. చెబుతున్నప్పుడు సోమశేఖర్ వైపు చూడలేదు.

"ఆయన నావ కట్టిన రోజునుంచీ నాకూ ఆయనకీ పడనేదు. సంద్రం వొదిలీసి ఇనుములోకి వచ్చినోడివి, మల్లా సంద్రంలోకెందుకు, నీకేటైనా అయితే ఈ మాటరాని పిల్లని నానేటి సెయ్యాలన్నాను. ఆయనేమో పిల్లకోసరమే ఎల్తన్నాను అన్నాడు. బయల్దేరిన రోజు నాను మొహం సూడనేదు. దారిలో మూడుతూర్లు ఫోను సేసినాడు. ఒకతూరి దేవిని తీసుకెల్లి నిలబెట్టినాను, ఆ పిల్ల ఫోను పట్టుకుని ఏటి సేత్తాది? ఆయన గొంతు నాకు వినపడతాదని అలాగ సేసినాను. నాను మాత్రం మాటాడనేదు."

"ఆ మంగళవారం?"

"బంగారప్ప పరిగెట్టుకొచ్చినాది. 'ఒలమ్మీ, నీ మొగుడు. ఒక్క మాట అడగాలంటన్నాడు, పిలవమంటన్నాడు' అంది. నాను చేప తోముతున్నాను. చేతుల నిండా పొలుసు. 'నాను రానని సెప్పీ. మాటలేవో ఇంటికొచ్చినాకే మాటాడుకుందామని సెప్పీ' అన్నాను. అప్ప ఎల్లి సెప్పినాది. ఆయన నవ్వినాడట. 'సరే, ఇంటికొచ్చినాకే' అని పెట్టీసినాడట."

సోమశేఖర్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఏ మాట అడుగుదామని పిలిసినాడో నాకు తెల్దనుకుంటన్నారా? పదిహేడేళ్ల కాపురం. మీరెల్లమన్నారు. ఎల్లడం ఆయనకిష్టం నేదు. పెద్దోరి మాట తోసెయ్యనేడు. నాను ఒద్దంటే, 'మా ఇంటిది ఒద్దంటంది బాబుగారూ' అని మీకు సెప్పడానికుంటాది. ఒద్దనిపించుకోడానికి పిలిసినాడు. ఒద్దు అన్న ఆ ఒక్క మాట మూడు నెలలు పొద్దస్తమానం అన్నదాన్ని. ఆ రోజు అనమంటే ఎల్లనేదు."

ఆమె ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. సోమశేఖర్ తల దించుకున్నాడు. నేరం ఒప్పుకుంటే తేలికపడతానని వచ్చిన మనిషికి, తన చేతిలోది తీసుకోవడానికి ఎదుటివాళ్ల చేతులు ఖాళీగా లేవని అర్థమైంది. ఇద్దరూ ఒకరినొకరు ఓదార్చుకునే స్థితిలో లేరు. అలాగని లేచి వెళ్లిపోనూ లేకపోయాడు.

దేవి వచ్చి ఎదురుగా నిలబడ్డది ఇద్దరూ చూడలేదు. మోచేతులదాకా మట్టి. తల్లి మొహం చూసింది, ఆయన మొహం చూసింది. బడిలో పిల్లలకి పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతారు, కానీ అన్నీ హిందీ మాటలే. ఇంట్లో పెద్దవాళ్ల తెలుగు ఆ పిల్లకి అందదు. ఇంతసేపూ దూరంనుంచి చూసినా ఒక్క ముక్క తెలిసి ఉండదు. తండ్రి ఒక్కడే కూతురితో హిందీలో, నెమ్మదిగా, పెదవులు బాగా కదిపి మాట్లాడేవాడు.

పిల్ల గొంతులోంచి మొద్దుగా, పెద్దగా ఒక మాట వచ్చింది.

"పాపా?"

సోమశేఖర్ కుర్చీలోంచి జారి పిల్ల ఎత్తుకు వంగి కూర్చున్నాడు. పది రోజులుగా బడికి వెళ్లినప్పుడల్లా ఈ పిల్ల ఇదే అడగడం, తను "ఆ జాయేంగే బేటా" అని, వచ్చేస్తాడని, తల నిమరడం జరుగుతూనే ఉంది.

"నహీ మాలూమ్, బేటా," అన్నాడు ఈసారి. "ముఝే నహీ మాలూమ్."

దేవి ఆ పెదవుల మీద తెలియదన్న మాట చూసింది. అర్థమైంది. మారు అడగలేదు. వెనక్కి వెళ్లి తన బొమ్మరింటి దగ్గర కూర్చుంది గాని, మట్టి ముట్టుకోలేదు.

* * *

పన్నెండు దాటింది. సోమశేఖర్ స్కూటరు తాళం తీశాడు. అప్పుడే వీధిలోంచి బంగారమ్మ కేక వినిపించింది. లావుపాటి మనిషి, చెప్పులు లేకుండా, చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని పరిగెడుతోంది.

"ఒలమ్మీ సన్యాసీ! ఫోను! కటక్ నుంచంట! ఎవుడో హిందీలో మాటాడతన్నాడు, నీ మొగుడి పేరంటన్నాడు! పెట్టెయ్యొద్దని సెప్పొచ్చినాను!"

సన్యాసమ్మ ఆవిణ్ణి దాటి పరిగెత్తింది. సోమశేఖర్ వెనకాల. ఎందుకో తెలియకపోయినా దేవి కూడా వాళ్ల వెనకాల. కొట్టులో బెల్లం బస్తా మీద ఫోను ఉంది, రిసీవరు పక్కన పడుంది. "నేను మాట్లాడనా?" అన్నాడు సోమశేఖర్. ఆమె తల అడ్డంగా ఊపి తనే తీసుకుంది.

"హలో. మై ఉన్‌కీ ఘర్‌వాలీ బోల్ రహీ హూఁ." ఆయన భార్యని మాట్లాడుతున్నానంది.

అవతలి మనిషి పేరు బలరామ్. కటక్‌లో కాలేజీ మాస్టారు. తుఫాను బాధితులకి బియ్యం, మందులు తీసుకుని దేవీ నది ముఖద్వారం వైపు ఊళ్లు తిరిగి, ముందురోజు రాత్రే వెనక్కి వచ్చాడట. దేవీ అనగానే సన్యాసమ్మకి ముందు అర్థం కాలేదు. "మేరీ బేటీ?" అంది, తన కూతురి పేరనుకుని. కాదమ్మా, నది పేరు, అన్నాడాయన. సముద్రానికి రెండు మైళ్లు లోపల, వరిచేలో, ఒక నావ ఒరిగి ఉంది. తెరచాప లేదు. పక్కటి చెక్క ఒకటి విరిగింది. లోపలి చెక్కమీద హిందీలో రంగుతో పోలరాజు పేరు, ఈ ఫోను నంబరు రాసి ఉన్నాయి. లైన్లు బాగయ్యాక ఉదయంనుంచి ప్రయత్నిస్తే ఇప్పటికి దొరికింది.

"ఆయన?" అంది సన్యాసమ్మ హిందీలో.

"ఆయన లేరమ్మా." అన్నాడు బలరామ్. "నావలో ఒక ముసలావిడ ఉంది. ఒళ్లో ఏడాది పిల్లవాడు, మనవడు. ఆ ఊళ్లో బతికినవాళ్లు చాలా తక్కువ. వాళ్లలో ఈ ఇద్దరు."

సన్యాసమ్మ బెల్లం బస్తా పట్టుకుని నిలబడింది. బలరామ్ నెమ్మదిగా, ఒక్కో మాట విడమరిచి చెప్పాడు. ముసలావిడ చెప్పినదాన్నిబట్టి, తుఫాను పడే ముందురోజే ఆ నావ గాలికి దారితప్పి నదిలోకి వచ్చి చేరింది. నావ మనిషికి ఒరియా రాదు. ఊళ్లోవాళ్లు ఆ రాత్రి ఆయనకి అన్నం పెట్టారు. మర్నాడు ఊళ్లోకి సముద్రం నీళ్లు వచ్చినప్పుడు, ఇంటికప్పు మీదున్న ఆవిణ్ణీ పిల్లవాణ్ణీ ఆయన నావలోకి లాగాడు. తాడుతో ఇద్దర్నీ తెరచాప కొయ్యకి కట్టాడు. ఇంకా కొందర్ని లాగాడు, వాళ్లు నిలవలేదు. పక్క కప్పు మీద ఆవిడ కోడలు ఉంది. ఆయన నడుముకి తాడు కట్టుకుని ఆ అమ్మాయి కోసం నీళ్లలోకి దిగాడు.

"తరవాత?"

"తాడు ఒక్కటే తిరిగొచ్చిందట."

బంగారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సోమశేఖర్‌కి అవతలి మాటలు వినపడకపోయినా సన్యాసమ్మ మొహం కనపడుతూనే ఉంది.

"మీకు నేను ఆశ పెట్టలేనమ్మా," అన్నాడు బలరామ్. "ఆ చుట్టుపక్కల దొరికినవాళ్లలో మీ ఆయన లేరు. దొరకనివాళ్లే ఎక్కువ. కానీ నేను ఫోన్ చేసింది అందుక్కూడా కాదు. ఆ ముసలావిడ తొమ్మిది రోజులుగా నావ దిగటం లేదు. నీళ్లలోకి దిగే ముందు ఆయన చేత్తో సైగ చేశాడట, ఇక్కడే ఉండు, నేను వస్తాను అని. ఆయన నావ, ఆయన వచ్చేవరకూ కాపలా ఉంటానంటోంది. పిల్లవాడికి జ్వరం. ఆస్పత్రికి తీసుకెళ్తామంటే ఇవ్వదు. బలవంతం చెయ్యబోతే పిల్లవాణ్ణి గుండెలకి అదుముకుని కేకలు పెడుతోంది. మా మాట వినదు. ఆయన మనుషులు ఎవరైనా వచ్చి చెబితే వింటుందేమోనని. మీరు రాగలరా? వచ్చి, ఆయన ఇంక రాడని ఆవిడతో చెప్పగలరా?"

సన్యాసమ్మ పొద్దున్నుంచీ, పదకొండు రోజులనుంచీ, ఏ మాటని గుమ్మం తొక్కనివ్వలేదో ఆ మాట తనే మోసుకెళ్లి చెప్పాలట.

"ఆవూంగీ," వస్తానంది చివరికి. ఊరి పేరు, దారి రెండుసార్లు చెప్పించుకుంది. రిసీవరు పెట్టేసి, పూసగుచ్చినట్టు అంతా సోమశేఖర్‌కి చెప్పింది. చెప్పడం అయ్యాక ఆయన మొహం చూడకుండా అడిగింది.

"తుఫానోళ్లకి సమితి పంపే బట్టల లారీ ఒరిస్సా ఎప్పుడెల్తాది?"

"మూడింటికి. సాక్చీ బజారు నుంచి."

"నానూ దేవీ అందులో ఎల్తాం. మీరూ రండి."

"నేనా?" సోమశేఖర్ వాచీ చూసుకున్నాడు. "అయిదింటికి సభ... కలకత్తా ఆయన ఈపాటికి రైలు దిగి ఉంటాడు. మొదట మాట్లాడాల్సింది నేనే. నేను లేకపోతే ఆ ప్రకటన... సన్యాసమ్మా, అది పిల్లల బడి."

"బడి సంగతి నాకు తెల్దేటి? నా పిల్ల కూడా ఉంది అందులో." ఆమె కొట్టు మెట్టు దిగింది. "మీరు నాకు సెప్పింది నాకు సెప్పినారు. నాను సచ్చేదాకా దాసుకుంటాను, ఎవురికీ సెప్పను. కానీ తొమ్మిది రోజులు ఆయన నావకి కాపలా కాసిన మనిసి అక్కడున్నాది. ఆయన ఎందుకొచ్చినాడు ఆ తుఫానులోకి అని ఆవిడ అడిగితే, సొంత నిర్ణయం అని నాను సెప్పనేను. అది సెప్పాల్సినోరు మీరు. వత్తే రండి. సబకి ఎల్తే ఎల్లండి. నాను ఏటీ అననింక."

దేవి చెయ్యి పట్టుకుని ఆమె ఇంటి వైపు నడిచింది. ఆరేసిన డాంగ్రీ ఇంకా తడిగానే ఉంది. అది తీయలేదు. పిల్లకి రెండు గౌన్లు, తనకో చీర సంచీలో కుక్కుకుని తాళం వేసి, తాళంచెవి బంగారమ్మకి ఇచ్చింది.

మూడు కావస్తుండగా సాక్చీలో లారీ నిండింది. పైన దుప్పట్ల మూటలు, పాత చీరలు, పిల్లల బట్టలు. ముందు డ్రైవరు పక్కన సన్యాసమ్మ, కిటికీ దగ్గర దేవి. మధ్యలో ఇంకొక మనిషికి చోటుంది. డ్రైవరు ఘాట్‌శిలా వాడు, చీకటిపడేలోపు ఒరిస్సా సరిహద్దు దగ్గరి బహరాగోడా దాటాలని తొందరలో ఉన్నాడు.

"చలేఁ, చాచీ?" అన్నాడు.

సన్యాసమ్మ వీధి చివరిదాకా చూసింది. పండగ బజారు జనం తప్ప ఎవరూ లేరు.

"దస్ మినట్ రుక్ జా, బాబూ," అంది.

డ్రైవరు వాచీ చూసుకుని, దిగి చక్రాలు తన్ని చూసి, బీడీ వెలిగించాడు. సన్యాసమ్మ పక్కనున్న ఖాళీ సీటు మీద సంచీ పెట్టింది. మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకుంది. బీడీ అయిపోయింది. పది నిమిషాలూ అయిపోయాయి. డ్రైవరు ఎక్కి తలుపు ధడాలున వేసుకుని, ఆమె వైపు ఒకసారి చూసి, ఇంజను తాళం తిప్పాడు.